విక్టోరియా కాలనీ పార్లమెంటు సభ్యులు (1851–1901): తరచుగా అడిగే ప్రశ్నలు

మెల్‌బోర్న్ వచ్చిన తెలుగువాళ్ళు స్ప్రింగ్ స్ట్రీట్‌లోని పార్లమెంటు భవనం మెట్ల మీద ఫొటో దిగుతారు. ఆ తర్వాతే సందేహాలు మొదలవుతాయి. ఇది ఎప్పటిది, అప్పట్లో ఇందులో ఎవరు కూర్చునేవారు, వాళ్ళకి జీతాలుండేవా, డీకిన్ అంటే ఎవరు? అవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా ఇబ్బంది లేదు. 1901లో ఆస్ట్రేలియా ఒకే దేశం కాకముందు అక్కడ ఆరు బ్రిటిష్ కాలనీలు ఉండేవి, దేని పార్లమెంటు దానిదే. ఇక్కడ ఉన్నది ముఖ్యంగా విక్టోరియా సంగతి.

## సభ పుట్టుక

విక్టోరియాకి సొంత పార్లమెంటు ఎప్పుడు వచ్చింది? అంతకుముందు ఎవరు పాలించేవారు?

1851 జూలై 1 దాకా అది న్యూ సౌత్ వేల్స్‌లో భాగం, పాలన సిడ్నీ నుంచి. విడిపోయాక 30 మందితో ఒక శాసన మండలి ఏర్పడింది. అందులో 20 మందిని ఎన్నుకున్నారు, 10 మందిని నియమించారు. సరిగ్గా ఆ ఏడాదే బంగారం బయటపడింది. 77 వేలున్న జనాభా పదేళ్ళు తిరిగేసరికి దాదాపు 5 లక్షల 40 వేలు అయింది. పెద్ద పెద్ద గొర్రెల మందలున్న భూస్వాములు, వ్యాపారులు నడుపుకునే మండలి ఆ జనానికి ఏ మూలకీ చాల్లేదు. 1855 నవంబర్ 23న కొత్త రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. విలియమ్ హెయిన్స్ మొదటి ప్రీమియర్ అయ్యాడు. ప్రీమియర్ అంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవే. రెండు సభల పార్లమెంటు 1856 నవంబర్ 21న తొలిసారి సమావేశమైంది.

శాసనసభ, శాసన మండలి అంటున్నారు, మన దగ్గర లాగేనా?

పేర్లు అవే, బలాబలాలు వేరు. ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభ తీర్మానం చేసి అడిగితే, 1985లో భారత పార్లమెంటు చట్టంతో మండలి రద్దయిపోయింది. విక్టోరియాలో అలాంటి దారి లేదు. మండలిని గవర్నర్ కూడా రద్దు చేయలేడు. 30 మంది సభ్యులు, పదేళ్ళ పదవీకాలం. నిలబడాలంటే 30 ఏళ్ళు నిండాలి, 5,000 పౌండ్ల స్థిరాస్తి ఉండాలి. మండలికి ఓటు వేయడానికి కూడా 1,000 పౌండ్ల ఆస్తి ఉండాల్సిందే. పట్టభద్రులు, లాయర్లు, డాక్టర్లు లాంటి కొందరికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. 60 మంది శాసనసభ్యులు జనం పంపినవాళ్ళు, 30 మంది మండలి సభ్యులు ఆస్తిపరులు పంపినవాళ్ళు. సభ పాస్ చేసిన బిల్లును మండలి తిప్పికొడితే చేయగలిగింది ఏమీ లేదు. ఆ యాభై ఏళ్ళ రాజకీయంలో సగం గొడవలకి మూలం ఇదే.

8 గంటల పని ఉద్యమానికీ ఈ భవనానికీ సంబంధం ఉందంటారు, నిజమేనా?

నిజమే. 1856 ఏప్రిల్ 21న మెల్‌బోర్న్ యూనివర్సిటీ దగ్గర రాతిపని చేస్తున్న మేస్త్రీలు పనిముట్లు కిందపెట్టి ఊరేగింపుగా బయల్దేరారు. దారిలో మిగతా నిర్మాణ కూలీలను కలుపుకుంటూ, అప్పటికి ఇంకా కడుతున్న పార్లమెంటు భవనం దాకా వచ్చారు. రోజుకి 8 గంటల పని, జీతం కోత లేకుండా, భవన నిర్మాణ కార్మికులకి దక్కింది. సభ్యులు లోపల కూర్చోకముందే ఆ గోడల దగ్గర ఒక పెద్ద గెలుపు నమోదైంది.

పీటర్ లాలర్ తిరుగుబాటు చేసినవాడు కదా, స్పీకర్ ఎలా అయ్యాడు?

లాలర్ ఐర్లండ్ నుంచి 1852లో వచ్చాడు. తండ్రి బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు, తను సివిల్ ఇంజనీరు. బల్లారట్ బంగారు గనుల దగ్గర తవ్వకం లైసెన్సు పేరుతో మొదట్లో నెలకి 30 షిల్లింగులు వసూలు చేసేవారు, బంగారం దొరికినా దొరక్కపోయినా. కట్టనివాళ్ళని పోలీసులు వెంటాడి పట్టుకునేవారు. 1854 డిసెంబర్ 3 తెల్లవారుజామున యురేకా అనే చోట గనివాళ్ళు కట్టుకున్న దడి మీద సైన్యం, పోలీసులు విరుచుకుపడ్డారు. ఇరవై మందికి పైగా గనివాళ్ళు చనిపోయారు. నాయకుడిగా ఉన్న లాలర్ ఎడమ చేతికి తూటా తగిలింది, ఆ చెయ్యి తీసేయాల్సి వచ్చింది. అతన్ని పట్టిస్తే 200 పౌండ్లు ఇస్తామని గవర్నమెంటు పోస్టర్లు అంటించింది.

తర్వాత జరిగింది చూడండి. రాజద్రోహం కేసులో విచారించిన 13 మందినీ జ్యూరీలు వదిలేశాయి. లైసెన్సు పోయి, ఏడాదికి ఒక పౌండుతో ఓటు హక్కు కూడా ఇచ్చే 'మైనర్స్ రైట్' వచ్చింది. ఏడాది తిరిగేసరికి, 1855 నవంబర్‌లో, లాలర్ బల్లారట్ నుంచి ఎన్నికై మండలిలో కూర్చున్నాడు. 1880 నుంచి 1887 దాకా శాసనసభ స్పీకర్.

అతన్ని మచ్చలేని వీరుడిగా చూపించడం మాత్రం నాకు నచ్చదు. 1873లో క్లూన్స్ అనే ఊళ్ళో గని కార్మికులు సమ్మె చేస్తే, సమ్మెను విరగ్గొట్టడానికి చైనీస్ కూలీలను తెప్పించిన కంపెనీ డైరెక్టర్లలో లాలర్ ఒకడు. అక్కడి పాత కార్మికుల్లో యురేకాను గుర్తుపెట్టుకున్నవాళ్ళకి అది ఎంత కష్టం అనిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

## ఎన్నిక

శాసనసభకి ఎవరైనా పోటీ చేయొచ్చా?

మొదట్లో వీల్లేదు. 2,000 పౌండ్ల స్థిరాస్తి ఉన్నవాళ్ళకే ఆ అవకాశం. దీన్ని అర్థం చేసుకోవడానికి చార్లెస్ గవన్ డఫీ కథ చాలు. ఐర్లండ్‌లో పత్రిక నడిపి, బ్రిటిష్ ప్రభుత్వం పెట్టిన రాజద్రోహం కేసుల్ని ఎదుర్కొని, 1856లో మెల్‌బోర్న్ చేరాడు. పేరుంది, జనం అభిమానం ఉంది, ఆస్తి లేదు. అభిమానులు చందాలు వేసుకుని 5,000 పౌండ్ల ఆస్తి కొని అతని పేరున పెట్టారు. అలా అర్హత సంపాదించి సభలోకి వెళ్ళిన డఫీ, శాసనసభ్యులకి ఆస్తి అర్హత ఉండాలన్న నిబంధనను ఎత్తేసే బిల్లు పెట్టాడు. 1857లో అది చట్టమైంది. 1871లో అతనే ప్రీమియర్ అయ్యాడు. తను దాటిన గడపను వెనకొచ్చేవాళ్ళ కోసం పీకి పారేసిన మనిషిగా డఫీ అంటే నాకు గౌరవం. మండలికి మాత్రం ఆస్తి నిబంధన అలాగే ఉండిపోయింది.

రహస్య ఓటింగ్ ఇక్కడే పుట్టిందా?

గవర్నమెంటే బ్యాలెట్ పేపరు అచ్చువేసి ఇచ్చి, ఓటరు చాటుగా గుర్తుపెట్టి పెట్టెలో వేసే పద్ధతి 1856లో విక్టోరియాలో, కొన్ని రోజుల తేడాతో సౌత్ ఆస్ట్రేలియాలో చట్టమైంది. అంతకుముందు అందరి ముందూ పేరు చెప్పి ఓటు వేయాల్సిందే. యజమాని, అప్పిచ్చినవాడు, ఇంటి ఓనరు అందరూ వింటూ ఉండేవారు. విక్టోరియాలో విలియమ్ నికల్సన్ దీని కోసం పట్టుబట్టాడు, హెన్రీ చాప్‌మన్ చట్టం ముసాయిదా రాశాడు. మొదట్లో విక్టోరియా ఓటరు తనకి వద్దనుకున్న అభ్యర్థుల పేర్లు కొట్టేసేవాడు. నచ్చినవాడి ఎదురుగా గుర్తుపెట్టడం సౌత్ ఆస్ట్రేలియా పద్ధతి. బ్రిటన్‌కి రహస్య ఓటు 1872లో గానీ రాలేదు. అమెరికాలో దీన్ని చాలాకాలం 'ఆస్ట్రేలియన్ బ్యాలెట్' అనేవారు.

ఒక్కొక్కరికి ఒకటే ఓటా?

1857 నాటికి వయసొచ్చిన మగవాళ్ళకి శాసనసభ ఓటు వచ్చింది. కానీ వేర్వేరు నియోజకవర్గాల్లో ఆస్తులున్నవాళ్ళు ఒక్కోచోటా ఒక్కో ఓటు వేసుకునేవారు. ఈ పద్ధతి 1899 దాకా పోలేదు.

అప్పట్లో పార్టీలు ఉండేవా?

ఇప్పటి అర్థంలో లేవు. ఒక పెద్దమనిషి చుట్టూ గుంపులు చేరేవి, విడిపోయేవి, అందుకే మంత్రివర్గాలు టపటపా కూలేవి. జాన్ ఓషానసీ మొదటి ప్రభుత్వం 1857లో ఏడు వారాలు నిలిచింది. అయితే వాదాలు మాత్రం స్పష్టంగా ఉండేవి. దిగుమతుల మీద సుంకం వేసి స్థానిక పరిశ్రమల్ని కాపాడాలా వద్దా, భూస్వాముల చేతుల్లోని భూమిని చిన్న రైతులకి ఎలా పంచాలి, బడుల్లో మతం ఉండాలా? చివరి ప్రశ్నకి 1872 విద్యా చట్టం జవాబిచ్చింది: చదువు ఉచితం, నిర్బంధం, మతాతీతం.

మంత్రి పదవి వస్తే మళ్ళీ ఎన్నికకి వెళ్ళాలా?

అవును. శాసనసభ్యుడు మంత్రి అయితే సీటు ఖాళీ అయినట్టే. తన నియోజకవర్గానికి వెళ్ళి ఉప ఎన్నికలో నెగ్గి రావాలి. చాలాసార్లు పోటీ ఉండేది కాదు గానీ, ఓడిపోతామన్న టెన్షన్ మాత్రం తప్పేది కాదు.

## సభలో బతుకు

సభ్యులకి జీతం ఎంత?

మొదటి పదిహేనేళ్ళు సున్నా. ఈ ఒక్క విషయం పట్టుకుంటే ఆ కాలం మొత్తం అర్థమవుతుందని నా నమ్మకం. ఆస్తి అర్హత తీసేశారు, ఓటు అందరు మగవాళ్ళకీ ఇచ్చారు, కానీ జీతం లేని సభలోకి రోజుకూలి మీద బతికేవాడు ఎలా వస్తాడు? సభ చాలావరకు మధ్యాహ్నం దాటాక మొదలై రాత్రిదాకా నడిచేది. లాయర్లకి, వ్యాపారులకి అది సుఖంగానే ఉండేది. గనుల ఊళ్ళ నుంచి, పొలాల నుంచి వచ్చేవాళ్ళకి మెల్‌బోర్న్‌లో గది అద్దె, తిండి ఖర్చు సొంత జేబులోంచే.

1870లో ఏడాదికి 300 పౌండ్లు ఇచ్చే చట్టం వచ్చింది. అదీ తాత్కాలికమే, గడువు తీరిన ప్రతిసారీ కొత్తగా పోరాడి తెచ్చుకోవాల్సిందే. జీతం ఇస్తే రాజకీయం బతుకుతెరువు అయిపోతుందని మండలి పెద్దల వాదన. వాళ్ళలో ఒక్కరికీ ఆ 300 పౌండ్లతో పనిలేదు.

కూలిపని చేసుకునేవాళ్ళు ఎవరైనా ఎన్నికయ్యారా?

చార్లెస్ జార్డిన్ డాన్. స్కాట్లండ్ నుంచి వచ్చిన రాతి మేస్త్రీ, 8 గంటల ఉద్యమంలో గట్టి వక్త. 1859లో కాలింగ్‌వుడ్ కార్మికులు గెలిపించారు. తమ వర్గం తరఫున చట్టసభలో కూర్చున్న చేతిపనివాళ్ళలో బ్రిటిష్ సామ్రాజ్యంలోనే అతను మొదటివాడని చెప్తారు. పగలు రాళ్ళు చెక్కడం, రాత్రి సభలో మాట్లాడడం. ఆ శ్రమకి ఎంతోకాలం తట్టుకోలేకపోయాడు. 1866లో చనిపోయాడు, సభ్యులకి జీతం రావడానికి నాలుగేళ్ళ ముందు.

నియోజకవర్గం వాళ్ళు సభ్యుణ్ణి ఏం అడిగేవారు?

రోడ్డు, వంతెన, రైలు. ముఖ్యంగా రైలు. 1884లో వచ్చిన రైల్వే చట్టంలో డజన్ల కొద్దీ కొత్త లైన్లు చేర్చారు, ప్రతి సభ్యుడూ తన ఊరికి ఒకటి కావాలనడమే కారణం. ఎటు చూసినా కాళ్ళు చాపినట్టున్న ఆ చట్టానికి 'ఆక్టోపస్' అని పేరు పడింది. కొన్ని లైన్ల మీద ఖర్చయిన డబ్బు ఎన్నటికీ తిరిగి రాలేదు.

నెడ్ కెల్లీకీ పార్లమెంటుకీ ఏమిటి సంబంధం?

1878 అక్టోబర్‌లో బందిపోటు నెడ్ కెల్లీ ముఠా ముగ్గురు పోలీసుల్ని చంపింది. వెంటనే పార్లమెంటు ఒక ప్రత్యేక చట్టం చేసింది. దాని కింద లొంగిపోని నేరస్థుణ్ణి ఎవరైనా కాల్చొచ్చు. ఆ రోజుల్లో డొనాల్డ్ కామెరాన్ అనే సభ్యుడు పోలీసుల తీరు మీద సభలో ప్రశ్న వేశాడు. పేపర్లో అది చూసి, ఈయన మన మాట వింటాడనుకున్న కెల్లీ డిసెంబర్‌లో అతనికి పొడవాటి ఉత్తరం పంపాడు. తన కుటుంబానికి జరిగిన అన్యాయం, పోలీసుల అబద్ధాలు అన్నీ అందులో ఏకరువు పెట్టాడు. పేపర్లు సారాంశం మాత్రమే వేశాయి. ఉరికి సిద్ధమైన మనిషి కూడా ఎమ్మెల్యేకి అర్జీ పెట్టుకున్నాడంటే, ఇరవై ఏళ్ళలో ఆ సభ జనం మనసులో ఎంత చోటు సంపాదించుకుందో తెలుస్తుంది.

రాజదండం దొంగతనం జరిగిందట?

1891 అక్టోబర్‌లో శాసనసభ రాజదండం మాయమైంది. స్పీకర్ వస్తుంటే ముందు మోసుకొచ్చే దండం అది. దానిచుట్టూ పుకార్లు చాలా పుట్టాయి. అది ఇప్పటికీ దొరకలేదు.

## రెండు సభల పోరు

1865లో గవర్నమెంటు బ్యాంకు దగ్గర అప్పు చేసి జీతాలిచ్చిందట, ఎందుకు?

ప్రీమియర్ జేమ్స్ మెక్‌కల్లక్ దిగుమతి సుంకాల బిల్లు మండలిలో ఆగుతుందని తెలిసి, దాన్ని ద్రవ్య వినిమయ బిల్లుకి, అంటే ఖజానా డబ్బు ఖర్చుచేయనిచ్చే బిల్లుకి, తగిలించి పంపాడు. మండలి రెండింటినీ తిప్పికొట్టింది. ఖజానాలో డబ్బుంది, తీయడానికి చట్టం లేదు. అప్పుడు వేసిన ఎత్తు ఇది: గవర్నమెంటు ఒక బ్యాంకు దగ్గర అప్పు తీసుకుని ఖర్చులు కడుతుంది, బాకీ తీర్చలేదని బ్యాంకు కోర్టుకి వెళ్తుంది, గవర్నమెంటు నిజమేనని ఒప్పేసుకుంటుంది, కోర్టు తీర్పు ప్రకారం ఖజానా నుంచి బ్యాంకుకి డబ్బు వెళ్తుంది. మళ్ళీ అప్పు, మళ్ళీ కేసు. ఆ బ్యాంకు డైరెక్టర్లలో మెక్‌కల్లక్ కూడా ఉన్నాడు. అటార్నీ జనరల్ జార్జ్ హిగిన్‌బోథమ్ దీన్ని న్యాయశాస్త్రంతో సమర్థించాడు. దీనికి వంతపాడిన గవర్నర్ డార్లింగ్‌ను లండన్ 1866లో వెనక్కి పిలిపించింది.

'బ్లాక్ వెన్స్‌డే' అంటే ఏమిటి?

1878 జనవరి 9, బుధవారం. సభ్యుల జీతాల పద్దు ఉందన్న కారణంతో మండలి ద్రవ్య వినిమయ బిల్లును ఆపేసింది. ప్రీమియర్ గ్రాహమ్ బెర్రీ ఒకప్పుడు బట్టల కొట్లో పని నేర్చుకున్నవాడు, తర్వాత కిరాణా వ్యాపారం, ఆపైన పత్రిక నడిపాడు. అతను వెనక్కి తగ్గలేదు. డబ్బు లేకపోతే ఉద్యోగులూ ఉండరంటూ ఒక ప్రత్యేక గెజెట్‌తో జడ్జీలు, మేజిస్ట్రేట్లు, శాఖాధిపతులు సహా పెద్ద ఉద్యోగుల్ని ఒక్క దెబ్బతో తీసేశాడు. ఆ పదవుల్లో ఉన్నవాళ్ళు చాలామంది మండలి పెద్దల బంధుమిత్రులే అన్నది అతని వర్గం మాట. కోర్టులు ఆగిపోయాయి, షేర్లు పడిపోయాయి.

చివరికి జీతాల బిల్లు విడిగా వెళ్ళి పాసయింది. ఉద్యోగుల్లో కొందరు తిరిగి చేరారు, అందరూ కాదు. మండలి అధికారాలు తగ్గించమని అడగడానికి బెర్రీ లండన్ దాకా వెళ్ళాడు, మీరే తేల్చుకోండని అక్కడివాళ్ళు పంపేశారు. 1881లో రాజీ కుదిరింది: మండలి సభ్యులు 42కి పెరిగారు, పదవీకాలం తగ్గింది, ఆస్తి నిబంధన సడలింది. బెర్రీ లక్ష్యం న్యాయమైనదే. మాట పడనవసరం లేని ఉద్యోగుల్ని అందుకు బలిపెట్టడాన్ని మాత్రం నేను సమర్థించలేను.

## బయట నిలబడ్డవాళ్ళు

ఆడవాళ్ళకి ఓటు ఉండేదా?

ఒక్కసారి, అనుకోకుండా. 1863 ఎన్నికల చట్టంలో పన్ను కట్టే 'వ్యక్తులు' అందరికీ ఓటు అని ఉండేసరికి, 1864 ఎన్నికల్లో పన్ను కట్టే ఆడవాళ్ళు కొందరు వెళ్ళి ఓటేశారు. 1865లో చట్టం మార్చి ఆ దారి మూసేశారు. 1891లో దాదాపు 30 వేల సంతకాలతో, 260 మీటర్ల పొడవున బట్ట మీద అంటించిన అర్జీ పార్లమెంటుకి అందింది. సభ పాస్ చేసిన బిల్లుల్ని మండలి మళ్ళీ మళ్ళీ కొట్టేసింది. విక్టోరియా మహిళలకి రాష్ట్ర ఓటు 1908లో వచ్చింది, ఆస్ట్రేలియాలో అందరికన్నా ఆఖరున. సౌత్ ఆస్ట్రేలియా 1894లోనే ఓటు హక్కుతోపాటు పోటీచేసే హక్కు కూడా ఇచ్చేసింది.

ఆ నేల అసలు యజమానులైన ఆదివాసుల సంగతి?

వాళ్ళ తరఫున సభలో ఒక్కరూ కూర్చోలేదు. మెల్‌బోర్న్‌కి దాదాపు 60 కిలోమీటర్ల దూరంలోని కొరండెర్క్ అనే చోట ఆదివాసులు హాప్స్ (బీరు తయారీలో వాడే పంట) పండించి, ఊరు కట్టుకుని స్థిరపడ్డారు. వాళ్ళని అక్కడి నుంచి కదిలించాలని చూస్తే, వురుండ్జెరి తెగ పెద్ద విలియమ్ బరాక్ తనవాళ్ళతో కాలినడకన మెల్‌బోర్న్ వచ్చి మంత్రుల్ని కలిసేవాడు. గ్రాహమ్ బెర్రీ వాళ్ళ మాట విన్నవాళ్ళలో ఒకడు. 1881లో విచారణ జరిగింది, ఆదివాసుల సాక్ష్యాలు రికార్డుల్లోకి ఎక్కాయి. కానీ అదే పార్లమెంటు 1886లో చేసిన చట్టం, 34 ఏళ్ళలోపు మిశ్రమ సంతతివాళ్ళని ఆ స్థావరాల నుంచి బయటికి పంపించింది. కుటుంబాలు చీలిపోయాయి. ఆ సభ్యుల గొప్ప గురించి చెప్పేవాళ్ళు ఈ చట్టం దగ్గర కూడా ఆగాలి.

చైనీస్ వలసదారుల మీద పన్ను వేసింది ఈ సభేనా?

1855లో, పాత మండలి కాలంలో. ఓడలో వచ్చే ప్రతి చైనీస్ మనిషి మీదా 10 పౌండ్లు. అది తప్పించుకోవడానికి వేలమంది సౌత్ ఆస్ట్రేలియాలోని రోబ్ రేవులో దిగి, వందల కిలోమీటర్లు నడిచి గనులకి చేరారు.

## ఆఖరి దశాబ్దం

డీకిన్ యూనివర్సిటీ పేరు ఎవరిది? ఆయన ఇండియా వచ్చాడా?

ఆల్‌ఫ్రెడ్ డీకిన్ 1856లో మెల్‌బోర్న్‌లోనే పుట్టాడు. 1879లో 22 ఏళ్ళకే ఉప ఎన్నికలో గెలిచాడు. ఒక పోలింగ్ కేంద్రంలో బ్యాలెట్ పేపర్లు అయిపోయి కొందరు ఓటేయలేకపోయారని తెలిసి, సభలో చేసిన మొట్టమొదటి ప్రసంగంలోనే రాజీనామా ప్రకటించాడు. మళ్ళీ పోటీ చేసి ఓడిపోయాడు, 1880లో గానీ తిరిగి రాలేదు.

కరువు ప్రాంతాలకి నీళ్ళు తేవాలన్నది అతని పట్టుదల. 1886 నీటిపారుదల చట్టం అతనిదే. 1890లో ఇండియా బయల్దేరి, ఇక్కడి కాలువలు, ఆనకట్టలు చూసి, భారత నీటిపారుదల మీద ఒక పుస్తకం రాశాడు, 1893లో అచ్చయింది. తర్వాత మూడుసార్లు ఆస్ట్రేలియా ప్రధాని అయ్యాడు. 1901లో అటార్నీ జనరల్‌గా, తెల్లవాళ్ళు కానివాళ్ళని రానివ్వని వలస చట్టాన్ని సమర్థించింది కూడా ఇతనే. మనవాళ్ళు ఆ దేశానికి దశాబ్దాలపాటు వెళ్ళలేకపోవడానికి అది ఒక ముఖ్య కారణం.

1890లలో సభ్యులు దివాలా తీశారట, ఏం జరిగింది?

1880లలో మెల్‌బోర్న్‌లో భూముల ధరలు ఆకాశానికి వెళ్ళాయి. సభ్యుల్లో చాలామందికి సొంత భూమి కంపెనీలు, బ్యాంకులు ఉండేవి. 1890–92లో ప్రీమియర్‌గా ఉన్న జేమ్స్ మన్రో మద్యనిషేధ ఉద్యమ నాయకుడు, బ్యాంకు యజమాని కూడా. తన సంస్థలు కూలుతుండగా లండన్‌లో కాలనీ ప్రతినిధి పదవి తీసుకుని వెళ్ళిపోయాడు, తిరిగొచ్చి 1893లో దివాలా తీశాడు. 1887–92 స్పీకర్ మాథ్యూ డేవిస్ కంపెనీలూ కుప్పకూలాయి. అతని బ్యాంకు డైరెక్టర్ల మీద కేసు నడపాలని సొలిసిటర్ జనరల్ ఐజాక్ ఐజాక్స్ పట్టుబట్టి, మంత్రివర్గం అడ్డుపడేసరికి సభ్యత్వానికి రాజీనామా చేసి మళ్ళీ గెలిచి వచ్చాడు. డేవిస్ విచారణలో నిర్దోషిగా బయటపడ్డాడు. డిపాజిట్లు పోగొట్టుకున్న మామూలు జనానికి మాత్రం ఏ కోర్టులోనూ న్యాయం దొరకలేదు.

1901 తర్వాత ఈ పార్లమెంటు ఏమైంది?

రాష్ట్ర పార్లమెంటుగా కొనసాగింది. కొత్త దేశానికి రాజధాని కట్టేదాకా ఫెడరల్ పార్లమెంటు ఈ భవనాన్ని తీసుకుంది, 1927లో కాన్‌బెరా వెళ్ళాక ఇల్లు ఖాళీ చేసింది. అప్పటిదాకా విక్టోరియా సభ్యులు ఎగ్జిబిషన్ బిల్డింగ్‌లో కూర్చున్నారు.

మా ఏరియా పేరు ఏదైనా పాత సభ్యుడిదా అని ఎలా తెలుసుకోవాలి?

విక్టోరియా పార్లమెంటు వెబ్‌సైటులో 1851 నుంచి ఉన్న సభ్యులందరి వివరాలు పేరుతో వెతకొచ్చు. పుట్టిన ఊరు, వృత్తి, గెలిచిన నియోజకవర్గం ఉంటాయి. ఆ పేరునే ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం నడిపే ట్రోవ్‌లో కొడితే ఆనాటి పేపర్లు ఉచితంగా చదవొచ్చు. ఒకే ఇంటిపేరుతో ఇద్దరు ముగ్గురు తగులుతారు, అందుకని నియోజకవర్గం, సంవత్సరం కూడా కలిపి వెతకండి. ఉత్తర మెల్‌బోర్న్‌లో ఉండేవాళ్ళు లాలర్‌తో మొదలుపెట్టొచ్చు. అక్కడి లాలర్ అనే సబర్బ్ పేరు పీటర్ లాలర్‌దే.